మియాటా ఎన్ఏ: పవర్ సంగతి తర్వాత, ముందు రబ్బరు సంగతి

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్డా కంపెనీ ఎమ్ఎక్స్-5 మియాటా అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారుని జనం ముందుకు తెచ్చింది. దాని మొదటి తరాన్నే ఎన్ఏ అంటారు. బరువు 960 కిలోల దగ్గర, ఇంజన్ 1597 సీసీ, బలం 116 హార్స్‌పవర్. ఇవాళ రోడ్డు మీద తిరిగే మామూలు సెడాన్లకి కూడా ఇంతకంటే ఎక్కువ బలం ఉంటుంది. కానీ ఈ బండికి నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంది. గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ (వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టెనీ) కలిపి పట్టుకునే పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఉంది. మణికట్టు కదిపితే చాలు, గేరు పడిపోతుంది. ఆ కాలపు స్పోర్ట్స్ కార్లలో ఇంత సూటిగా మాట వినే బండి, అందులోనూ ఇంటి దగ్గర రిపేరు చేసుకోగలిగేది, మరొకటి దొరకడం కష్టం.

ఇండియాలో ఈ బండిని కంపెనీ అమ్మలేదు. కాబట్టి ఇది ముఖ్యంగా డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా లాంటి చోట్ల గరాజ్ ఉన్న మన తెలుగువాళ్ళకి పనికొచ్చే విషయం. 1990 నుంచి 1993 మోడల్ వరకూ వచ్చిన 1.6 లీటర్ బండి గురించే రాస్తున్నాను. 1994లో 1.8 ఇంజన్ వచ్చింది. తేడా ముఖ్యమైన చోట్ల చెబుతాను.

ఈ బండి కొన్నవాళ్ళలో చాలామంది మొదటి నెలలోనే టర్బో కిట్ల ధరలు చూడడం మొదలుపెడతారు. బండి మందకొడిగా ఉంది, మలుపులో ఊగుతోంది, బ్రేకు మెత్తగా ఉంది అని. ముప్పై ఏళ్ళు దాటిన మియాటాలో పోయింది హార్స్‌పవర్ కాదు, రబ్బరు. బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బర్లు), హోస్ పైపులు, సీళ్ళు, బెల్టులు, బంప్ స్టాపులు (సస్పెన్షన్ అడుగుకి కొట్టకుండా ఆపే దిమ్మలు), చివరికి టైర్లు కూడా. రబ్బరంతా కొత్తది వేసి, ఫ్యాక్టరీ చెప్పిన కొలతలకి తెచ్చాక కూడా పవర్ చాలలేదనిపిస్తే అప్పుడు టర్బో గురించి ఆలోచించవచ్చు. సగంమందికి ఆ అవసరం రాదు.

కొనేటప్పుడు చూడాల్సింది తుప్పు

ఇంజన్ చెడిపోతే ఇంకో ఇంజన్ దొరుకుతుంది. బాడీ తినేస్తే ఇంకో బాడీ కొనుక్కోవాల్సిందే. తుప్పు ఎక్కడ పడుతుందో, ఎందుకు పడుతుందో తెలిస్తే పది నిమిషాల్లో బండిని అంచనా వేయవచ్చు.

డోరు కింద ముందు నుంచి వెనక దాకా వెళ్ళే పెట్టెలాంటి రేకుని సిల్ అంటారు. వెనక చక్రానికి కాస్త ముందు, ఆ సిల్ చివర ఈ బండి ముందుగా కుళ్ళుతుంది. కారణం పైన టాప్ దగ్గరుంది. సాఫ్ట్ టాప్ మీద పడ్డ వాన నీరు వెనక అంచున ఉన్న ప్లాస్టిక్ కాలువలోకి జారి, అక్కణ్ణుంచి సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి కిందకి పోవాలి. ఆకులు, దుమ్ము, పైన్ సూదులు ఆ గొట్టంలో పేరుకుంటే నీరు పోవడానికి దారి ఉండదు. సిల్ లోపలికి, కార్పెట్ కిందకి చేరి అక్కడే నిలుస్తుంది. రేకు లోపలి నుంచి తింటుంది. బయట పెయింటు మీద బుడగ కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది.

కాబట్టి కొనేముందు ఒక సీసాలో అర లీటరు నీళ్ళు తీసుకెళ్ళండి. సీటు వెనక, సీటు బెల్టు స్తంభం పక్కనున్న గొట్టం నోట్లో మెల్లగా పోయండి. వెనక చక్రం ముందు నేల మీద ధారగా పడితే దారి తెరిచే ఉంది. చుక్కలు చుక్కలుగా పడినా, అసలు పడకపోయినా, అటువైపు సిల్ అనుమానించాల్సిందే. తర్వాత బొటనవేలితో సిల్ చివర గట్టిగా నొక్కండి. రేకు గట్టిగా ఉండాలి, కరకరమనకూడదు. పల్చటి ఫ్రిజ్ మాగ్నెట్ ఒకటి గుడ్డలో చుట్టి సిల్ పొడవునా జరపండి. పట్టు వదిలేసిన చోట లప్పం పెట్టి పెయింటు కొట్టారని అర్థం.

గొట్టం మూసుకుపోతే ఇనుప తీగ పెట్టి పొడవకండి. లోపలి రబ్బరు చిరిగితే నీరు నేరుగా సిల్‌లోకే పోతుంది. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే లావుపాటి నైలాన్ తాడు సరిగ్గా సరిపోతుంది. కింద నుంచి పైకి తోసి, తర్వాత పై నుంచి నీళ్ళతో కడగాలి. ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు.

న్యూజెర్సీ, ఒహాయో వైపు బండ్లకి మంచు మీద చల్లే ఉప్పు తోడవుతుంది కాబట్టి బ్రేకు పైపులు, సస్పెన్షన్ బోల్టులు కూడా చూడాలి. టెక్సాస్, అరిజోనా బండ్లలో రేకు బాగుంటుంది గానీ ఎండకి డాష్‌బోర్డు పగులుతుంది, టాప్ వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపు రంగుకి తిరుగుతుంది. ఈ రెండింటిలో ఎండ బండే కొనండి. డాష్‌బోర్డు మార్చడం శనివారం పని. సిల్ మార్చడం నెల రోజుల పని.

సిల్ మార్చక తప్పదంటే ఒక్క హెచ్చరిక. ఇది పైకప్పు లేని బండి. బాడీకి ఉన్న బలంలో పెద్ద భాగం ఆ సిల్లే ఇస్తుంది. దాన్ని కోసేముందు డోరు విప్పి, డోరు కీలు దగ్గరనుంచి లాక్ పట్టే చోటికి అడ్డంగా ఒక ఇనుప గొట్టం వెల్డు చేసి బిగించాలి. బండి బరువు సస్పెన్షన్ మీదే, అంటే చక్రాల దగ్గరే నిలబడాలి. మధ్యలో జాకీ పెట్టి లేపి సిల్ కోస్తే బాడీ నడుము వంగుతుంది. తర్వాత ఎంత అందంగా వెల్డు చేసినా డోరు మూసుకోదు. మెరిసే మంచి రేకు వచ్చేదాకా కోయాలి. తుప్పు మీద అతుకు వేస్తే ఏడాది నిలవదు. వెల్డింగ్ ఒకే గీతగా లాగకుండా అంగుళం అంగుళం చొప్పున, ఒకచోట ఒకటి వేసి చల్లారనిచ్చి ఇంకోచోట వేయాలి. పల్చని రేకు వేడికి మెలి తిరుగుతుంది. బ్యాటరీ తీసి, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కనెక్టర్లు విప్పాకే వెల్డింగ్ మొదలుపెట్టాలి. పని అయ్యాక లోపలి గదంతా క్యావిటీ వ్యాక్స్ కొట్టడం మర్చిపోతే అదే తుప్పు మళ్ళీ మొదలవుతుంది.

ఇంజన్ ఆరోగ్యం ఒక గేజితో తెలుస్తుంది

ఇంజన్ వేడెక్కాక ఆపి, ప్లగ్గులు నాలుగూ విప్పండి. ఇంజన్ హెడ్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ కనెక్టర్ తీసేయండి. దాంతో స్పార్కూ పెట్రోలూ రెండూ ఆగుతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, కంప్రెషన్ గేజి పెట్టి, అంకె ఇక పెరగని దాకా స్టార్టర్ తిప్పండి. 1.6 ఇంజన్‌కి కొత్తలో 192 పీఎస్ఐ, కనీసం 135. సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య తేడా 28 దాటకూడదు. నాలుగూ 165 దగ్గర సమానంగా ఉన్న ఇంజన్, మూడు 185 ఉండి ఒకటి 130 ఉన్న ఇంజన్ కంటే చాలా మంచిది. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు పట్టడం లేదు.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే పైనుంచి టకటకమనే శబ్దం వచ్చి, కాసేపటికి ఆగుతుంది. అది హైడ్రాలిక్ లిఫ్టర్లలో ఆయిల్ నిండక వచ్చే శబ్దం. దానికి భయపడి ఇంజన్ విప్పకండి. రెండు మూడుసార్లు తక్కువ దూరానికే ఆయిల్ మారిస్తే చాలా బండ్లలో తగ్గిపోతుంది. ఒక్కో మార్పుకి సుమారు మూడున్నర లీటర్లు పడుతుంది.

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి ఆయిల్ కారుతుంటే చాలామంది మెకానిక్కులు రియర్ మెయిన్ సీల్ పోయిందంటారు. దానికి గేర్‌బాక్స్ దించాలి, వెయ్యి డాలర్లు పైన. ముందు ఆ క్యామ్ యాంగిల్ సెన్సర్ లోపలున్న ఓ-రింగు మార్చండి. అది ప్లాస్టిక్కులా గట్టిపడి లీకై, ఆయిల్ ఇంజన్ వెనకనుంచి జారి సరిగ్గా అదే చోట బొట్లు కడుతుంది. రింగు ధర రెండు మూడు డాలర్లు. సెన్సర్ తీసేముందు దాని ఒంటికీ హెడ్‌కీ కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. సెన్సర్ ఎటు తిరిగితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, అటు మారుతుంది. బిగించాక టైమింగ్ లైటుతో చూసుకోవాలి. ఇంజన్ గదిలో ఎడమ పక్క ఉన్న డయాగ్నోసిస్ డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసున్న రెండు రంధ్రాలకి చిన్న వైరు ముక్క కలిపితే ఈసీయూ టైమింగ్‌ని కదపకుండా ఉంటుంది. అప్పుడు ఐడిల్ 850, టైమింగ్ టీడీసీకి (పిస్టన్ పై చివరికి చేరే చోటుకి) ముందు 10 డిగ్రీలు రావాలి. ఆ వైరు పెట్టకుండా చూసిన అంకెకి విలువ లేదు.

టైమింగ్ బెల్టు, క్రాంకు ముక్కు

పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టునీ, వాల్వులు తెరిచే క్యామ్‌లనీ కలిపి నడిపేది టైమింగ్ బెల్టు. దాన్ని 60,000 మైళ్ళకి మార్చాలి. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. ఇది తెగినా వాల్వులు పిస్టన్లకి తగలని ఇంజన్ కాబట్టి ప్రాణం పోదు, బండి రోడ్డు మీద ఆగుతుందంతే. విప్పిన చేత్తో బెల్టు ఒక్కటే మార్చడం మాత్రం దండగ. వాటర్ పంపు, టెన్షనర్ పుల్లీ, ఐడ్లర్ పుల్లీ, రెండు క్యామ్ సీళ్ళు, ముందు క్రాంకు సీల్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, రెండు బయటి బెల్టులు, థర్మోస్టాట్, అన్నీ ఒకేసారి. అక్కడిదాకా చేరడమే సగం రోజు పని.

వాటర్ పంపు పుల్లీ బోల్టులు బెల్టులు తీయకముందే లూజు చేసుకోవాలి. బెల్టు తీశాక పుల్లీ చేతిలో గిర్రున తిరుగుతుంది, బోల్టు కదలదు. కూలెంట్ దించి, గాలి గొట్టం, పై హోస్ తీసి, వాల్వ్ కవర్ విప్పి, ప్లగ్గులు తీసేసి, ఇంజన్‌ని గడియారం దిశలోనే తిప్పుతూ గుర్తులు కలపాలి. ఒక క్యామ్ పుల్లీ మీద ఐ అనీ ఇంకోదాని మీద ఈ అనీ అచ్చు ఉంటుంది. ఐ ఇన్‌టేక్‌ది, ఈ ఎగ్జాస్ట్‌ది. అవి వెనక రేకు మీది గుర్తులకి సూటిగా రావాలి. కొత్త బెల్టు వేశాక ఆ రెండు గుర్తుల మధ్య బెల్టు పళ్ళు లెక్కపెట్టండి, 19 ఉండాలి. 18 ఉన్నా 20 ఉన్నా ఒక పన్ను తప్పింది. అలాగే నడిపితే బండి స్టార్టవుతుంది, తిరుగుతుంది, కానీ దమ్ము ఉండదు. జనం పవర్ లేదని తిట్టుకునే బండ్లలో ఇలా ఒక పన్ను తప్పినవి ఉంటాయి.

బెల్టు ఎక్కించేటప్పుడు టెన్షనర్ లేనివైపు బిగుతుగా ఉండాలి. సడలింపంతా టెన్షనర్ వైపుకే రావాలి. తర్వాత క్రాంకుని ఒక పూర్తి చుట్టూ, ఇంకో చుట్టులో ఆరింట అయిదు వంతులూ, అంటే రెండు చుట్లకి ఆరోవంతు తక్కువ తిప్పి, టెన్షన్ పెట్టడానికి వేరుగా ఉన్న గుర్తు దగ్గర ఆపాలి. అక్కడ టెన్షనర్ బోల్టు లూజు చేస్తే స్ప్రింగు తనకి కావలసినంత లాగుతుంది. దాన్ని చేత్తో ఇంకాస్త నొక్కి సాయం చేయకండి. బెల్టు మరీ బిగిస్తే కూత పెడుతుంది, వాటర్ పంపు బేరింగు తొందరగా పోతుంది. టెన్షనర్ బోల్టు 38 నుంచి 52 న్యూటన్ మీటర్లకి బిగించి, ఇంకో రెండు చుట్లూ ఆరోవంతు తిప్పి గుర్తులు మళ్ళీ చూడండి. ఈ రెండోసారి చూడడం వదిలేసినవాళ్ళే మళ్ళీ మొత్తం విప్పుతారు.

కొత్త సీళ్ళు వాటి గూట్లో అంచుతో సమానంగా కూర్చోవాలి. అంతకంటే లోపలికి దిగగొడితే లీకవుతాయి. పెదవికి కొంచెం ఇంజనాయిల్ రాసి, సరిపడే సాకెట్ అడ్డం పెట్టి చిన్నగా కొట్టాలి. వాల్వ్ కవర్ బోల్టులకి 5 నుంచి 8 న్యూటన్ మీటర్లు చాలు. లీకైందని ఇంకాస్త బిగిస్తే అల్యూమినియంలో మర పోతుంది.

ఇక క్రాంకు ముక్కు సంగతి. 1990 నుంచి 1991 మధ్య దాకా వచ్చిన బండ్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు చివర, పుల్లీ కూర్చునే భాగం, పొట్టిగా ఉంటుంది. పుల్లీలో నాలుగు గాడులు కనిపిస్తే పొట్టి ముక్కు. ఎనిమిది ఉంటే మాజ్డా తర్వాత మార్చిన పొడుగు ముక్కు. పొట్టిదానిలో పట్టు తక్కువ. మధ్య బోల్టు ఎవరైనా చాలినంత బిగించకపోతే పుల్లీ అణుమాత్రం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకి మధ్యలో ఉన్న కీ (పుల్లీ జారకుండా గాడిలో పట్టే చిన్న ఇనుప ముక్క) చిన్నగా నలుగుతుంది. కీ నలిగితే గాడి వెడల్పవుతుంది. గాడి వెడల్పయితే ఊపు ఇంకా పెరుగుతుంది. ఉన్నట్టుండి బండి బలం పడిపోతుంది, టైమింగ్ లైటు పెడితే గుర్తు నిలబడదు. అప్పటికి క్రాంక్‌షాఫ్టే దెబ్బతిని ఉంటుంది.

ఇంజన్ నడుస్తుండగా ముందు నిలబడి పుల్లీ అంచు చూడండి. గీత గీసినట్టు ఒకే చోట తిరగాలి. అంచు ముందుకూ వెనక్కూ అల్లాడితే రెండు కారణాలు ఉండవచ్చు. పుల్లీ వంగి ఉండాలి, లేదా ముక్కు పోయి ఉండాలి. ఆపి, పుల్లీని చేత్తో గట్టిగా మెలి తిప్పి చూడండి, లోపల టక్కుమంటే రెండోదే. గాడి కొంచెమే దెబ్బతింటే లోక్‌టైట్ 660 అనే మందుతో పుల్లీ మధ్యభాగాన్నీ కీనీ క్రాంకుకి అతికించి ఏళ్ళ తరబడి నడుపుతున్నవాళ్ళు ఉన్నారు. నూనె చుక్క లేకుండా శుభ్రం చేసి, కొత్త కీ వేసి, ఒక రాత్రంతా ఆరనిస్తేనే అది పట్టుతుంది. గాడి బాగా తినేసి ఉంటే వేరే క్రాంకు గానీ వేరే ఇంజన్ గానీ తప్పదు.

పొట్టి ముక్కు బోల్టుకి 108 నుంచి 118 న్యూటన్ మీటర్లు, పొడుగుదానికి 157 నుంచి 167. ఈ రెండూ కలగలిపి చదివి పొట్టిదాన్ని 160కి బిగించకండి, బోల్టు సాగిపోతుంది. సీల్ మార్చడానికి మధ్య బోల్టు విప్పారంటే కొత్త బోల్టు, కొత్త కీ వేయండి. బోల్టు లూజు చేయడానికి పానా నేలకి ఆనించి స్టార్టర్ కొట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది, ఈ ఇంజన్ మీద అది వద్దే వద్దు. పుల్లీ రంధ్రాల్లో పట్టే రేకు కడ్డీ దొరుకుతుంది, అది కొనుక్కోండి.

కూలెంట్, క్లచ్చు

రేడియేటర్ పై ట్యాంకు నల్లని ప్లాస్టిక్. అది బురద రంగుకి, పచ్చబారిన గోధుమ రంగుకి తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉంది. లీకు కోసం ఎదురుచూడకుండా మార్చేయండి. హీటర్ హోసులు కూడా, ముఖ్యంగా ఇంజన్ వెనక చెయ్యి దూరని చోటున్నవి. మొత్తం 6 లీటర్లు, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ నీరు. బండి ముక్కు పైకెత్తి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, మూత తీసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి పోయండి. లేకపోతే హెడ్‌లో గాలి బుడగ మిగిలి వేడెక్కుతుంది.

ఈ ఇంజన్ నిజానికి ముందు చక్రాలతో నడిచే బండ్ల కోసం అడ్డంగా పెట్టడానికి చేసింది. దాన్ని నిలువుగా తిప్పి పెట్టినప్పుడు నీరు హెడ్ ముందునుంచే బయటికి వచ్చేలా మార్చారు. అందుకే వెనకున్న నాలుగో సిలిండర్‌కి నీరు తక్కువ అందుతుంది. రోడ్డు మీద నడిపే బండికి దీనివల్ల ఇబ్బంది లేదు. టర్బో వేసినా, ఎండాకాలం ట్రాక్ మీద తిప్పినా మాత్రం నీరు వెనకనుంచి వచ్చేలా రీరూట్ చేయించుకోండి.

పెడల్ తొక్కుడుని ఆయిల్ ద్వారా క్లచ్చుకి అందించే స్లేవ్ సిలిండర్ లీకవడం ఈ బండికి పుట్టుకతో వచ్చింది. గేర్‌బాక్స్ కుడిపక్క రబ్బరు తొడుగు మడిచి చూస్తే తడిగా ఉంటుంది. దాన్నొక్కటే మార్చకండి, పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్ కూడా మార్చండి. ఎందుకంటే కొత్తదానికి గాలి తీయడానికి పెడల్ చివరిదాకా తొక్కుతారు. పాత మాస్టర్ లోపలి సీల్ అంతవరకూ వెళ్ళని, తుప్పు పట్టిన భాగం మీదకి వెళ్ళి చిరుగుతుంది. వారం తిరక్కుండా మళ్ళీ పెడల్ నేలకి పోతుంది.

గేర్‌బాక్స్‌కి 75డబ్ల్యూ-90 జీఎల్-4 ఆయిల్ రెండు లీటర్లు. జీఎల్-5 పోస్తే గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు సరిగా పట్టకపోవచ్చు. డిఫరెన్షియల్‌కి 1.6లో 0.65 లీటరు, 1.8లో ఒక లీటరు. రెండిటికీ ముందు నింపే బోల్టు తెరుచుకుంటుందో లేదో చూసి, ఆ తర్వాతే కింద బోల్టు విప్పండి. ఆయిలంతా దించాక పైది కదలకపోతే బండి గరాజ్‌లోనే ఉండిపోతుంది.

బ్రేకులు, బుష్‌లు, టైర్లు

వెనక బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ని క్లాంపుతో లోపలికి నొక్కాలని చూసి కాలిపర్ పాడుచేసుకున్నవాళ్ళు బోలెడుమంది. ఈ బండి వెనక కాలిపర్‌లో హ్యాండ్ బ్రేకు కోసం మర ఉంటుంది. కాలిపర్ వెనక ఒక బోల్టు ఉంటుంది, అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ పట్టే స్క్రూ. దాన్ని గడియారానికి ఎదురు తిప్పితే పిస్టన్ లోపలికి పోతుంది. కొత్త ప్యాడ్లు వేశాక అదే స్క్రూ ఆగేదాకా బిగించి, మూడోవంతు చుట్టు వెనక్కి తిప్పాలి. ఆ మూడోవంతు వదిలేస్తే చక్రం పట్టేస్తుంది. ఎక్కువ వదిలితే హ్యాండ్ బ్రేకు పైకెత్తి లాగినా ఆగదు.

1.6కి ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లు, 1.8కి 255. పెద్దవి కావాలంటే 1.8 బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్లు కలిపి తీసుకోవాలి. కానీ రోడ్డు బండికి పాత హోసుల బదులు కొత్తవి, కొత్త డాట్ 4 ఆయిలు, గ్రీజు పెట్టిన స్లైడ్ పిన్నులు ఇచ్చినంత తేడా పెద్ద డిస్కులు ఇవ్వవు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం దగ్గర మొదలుపెట్టి గాలి తీయండి.

సస్పెన్షన్ బుష్‌లు చేతులతో రావు, 12 టన్నుల ప్రెస్ కావాలి. పాలీయురేథేన్ వేసుకోమని చాలామంది అంటారు. దానికి గ్రీజు పెడుతూ ఉండాలి, లేకపోతే కిర్రుమంటుంది. రోజూ నడిపే బండికి నా ఓటు మామూలు రబ్బరుకే. రబ్బరు బుష్ బోల్టుని బండి గాల్లో ఉండగా బిగించకండి. రబ్బరు ఆ స్థితిలో అతుక్కుని ఉంటుంది కాబట్టి బండి దించగానే మెలిపడిపోతుంది. ఏడాదికే చిరుగుతుంది, ఎత్తు కూడా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ నిలబడుతుంది. అన్నీ చేత్తో తగిలించి, చక్రాలు వేసి, ర్యాంపుల మీద బండి బరువు దింపాక చివరి బిగింపు చేయాలి. ముందు వెనక అలైన్‌మెంట్‌కి ఉన్న ఎక్సెంట్రిక్ బోల్టులు తుప్పుకి బుష్ లోపలే పట్టేసి ఉంటాయి. విప్పే వారం ముందునుంచీ రోజూ తుప్పు మందు కొట్టండి. అప్పటికీ కదలకపోతే కోసేసి కొత్తవి వేయడమే.

ఈ బండికి షాకబ్జార్బర్ కదిలే దూరం చాలా తక్కువ. తక్కువ ఎత్తు స్ప్రింగులు వేసి బంప్ స్టాపులు మార్చకపోతే ప్రతి గుంతకీ సస్పెన్షన్ అడుగుకి కొడుతుంది, మలుపులో వెనక భాగం ఉన్నట్టుండి జారుతుంది. రెండో తరం మియాటా పై మౌంటులు వేస్తే కొంచెం దూరం మిగులుతుంది. ముందు భాగం సిల్ కింది అంచు నేలకి నాలుగున్నర అంగుళాల కంటే కిందకి దించకండి. రోడ్డు బండికి ముందు క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మైనస్ 1 డిగ్రీ, వెనక మైనస్ 1.5, ముందు టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండడం) సున్నా, వెనక కొంచెం లోపలికి పెట్టించండి. అలైన్‌మెంట్ షాపులో సీట్లో మీ బరువుకి సమానంగా ఏదైనా పెట్టమని అడగండి, ఇంత తేలిక బండిలో అది తేడా చూపిస్తుంది.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ట్రెడ్ ఎంత ఉన్నా ఏడేళ్ళు దాటితే తీసేయండి. 14 అంగుళాల చక్రాలకి మంచి టైర్లు తగ్గిపోతున్నాయి. 15 అంగుళాల తేలికైన చక్రం, 195/50 టైరు ఈ బండికి బాగా కుదురుతుంది. బోల్టు లెక్క 4 బై 100, అంటే 100 మిల్లీమీటర్ల వృత్తం మీద నాలుగు, మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. నట్లు 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు పవర్

పైవన్నీ అయ్యాక, 91 లేదా 93 ఆక్టేన్ పెట్రోలు పోస్తూ టైమింగ్ 10 నుంచి 14 డిగ్రీలకి పెంచవచ్చు. ఖర్చు లేదు, కింది ఆర్‌పీఎంలో బండి కాస్త హుషారవుతుంది. ఎక్కుడులో డబ్బాలో గులకరాళ్ళు గలగలలాడినట్టు వినిపిస్తే వెంటనే తగ్గించాలి. పెద్ద ఎయిర్ ఫిల్టర్ శబ్దం ఇస్తుంది, బలం ఇవ్వదు. ఇంజన్ గదిలో వేడి గాలి పీలిస్తే ఉన్నది కూడా తగ్గుతుంది.

టర్బో వేసేవాళ్ళు ఇంజన్ కంటే ముందు డిఫరెన్షియల్ గురించి ఆలోచించాలి. 1.6లో రింగ్ గేరు 6 అంగుళాలది, బలం పెరిగితే మొదట విరిగేది అదే. 1994 నుంచి వచ్చిన 7 అంగుళాల టోర్సెన్ (ఒక చక్రం జారినా రెండో చక్రానికి బలం పంపే డిఫరెన్షియల్) వేయాలంటే డిఫరెన్షియల్ ఒక్కటే చాలదు, రెండు యాక్సిళ్ళు, ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదా దాని ఫ్లాంజి కూడా 1.8వే కావాలి. నిష్పత్తి 4.30 నుంచి 4.10కి మారుతుంది కాబట్టి బండి ఎత్తుకోవడం కాస్త నెమ్మదిస్తుంది. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి తీసుకుంటుంది కాబట్టి అసలు వేగం కంటే 5 శాతం దాకా తక్కువ చూపిస్తుంది. హైవే మీద 70 చూపిస్తుంటే నిజంగా 73 దాటి ఉంటారు. గేర్‌బాక్స్‌లో స్పీడోమీటర్ చిన్న గేరు మారిస్తే సరిపోతుంది.

కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లలో చాలావాటికి రెండేళ్ళకోసారి స్మాగ్ (పొగ) పరీక్ష ఉంది. ఇంజన్‌కి వేసే బయటి పార్టులకి రాష్ట్ర వాయు కాలుష్య బోర్డు ఇచ్చిన ఈఓ నంబరు, అంటే అనుమతి నంబరు, ఉండాలి. కొనేముందే ఆ నంబరు అడగండి. టెక్సాస్‌లో 24 ఏళ్ళు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. అయినా క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం దేశమంతటా చట్టవిరుద్ధమే.

పార్టులకి బెంగ లేదు. 2017లో మాజ్డా కంపెనీయే జపాన్‌లో ఎన్ఏ రిస్టోరేషన్ సేవ ప్రకటించి, సాఫ్ట్ టాప్, నార్డి స్టీరింగు, 185/60 14 అంగుళాల టైర్లు మళ్ళీ తయారు చేయించింది. సాఫ్ట్ టాప్ కొత్తది వేస్తే దానితోపాటు వెనక ప్లాస్టిక్ కాలువ కూడా కొత్తదే వేయండి. పాతది విప్పేటప్పుడే పెళుసై విరుగుతుంది. విరిగిన కాలువ మీద ఎంత ఖరీదైన టాప్ వేసినా నీరు మళ్ళీ సిల్‌లోకే దారి చూసుకుంటుంది.